రెండు నూళ్లు

ముక్కామల కాలవగట్టు దిగాక మూడో ఇల్లు.
అప్పటికి ఇల్లు కాదు.
మోకాలెత్తు పునాది, గోదారి ఇసక గుట్ట,
గుట్ట మీద ముడుచుకు పడుకున్న కుక్క.

పొద్దున్న ఆరుంబావుకి ముహూర్తం.
పనస చెక్క ద్వారబంధానికి పసుపు రాసి, బొట్లు పెట్టి
నలుగురం కలిసి లేపాం.
కింద గుంటలో నవధాన్యాలు, రూపాయి బిళ్ల,
ఇంటావిడ పాత చెవిదిద్దులోంచి ఊడిన ఎర్రరాయి.
కొబ్బరికాయ కొట్టారు, ఫొటో తీసుకున్నారు,
పంతులుగారు మోపెడ్ ఎక్కి వెళ్లిపోయారు.
అసలు పని అప్పుడు మొదలు.

గోడ లేని గుమ్మాన్ని ఎప్పుడైనా చూశారా?
రెండు వైపులా బయటే.
ఇటునుంచి అటు దాటిన కోడిపిల్ల
ఎక్కడికీ రాలేదు, ఎక్కడినుంచీ పోలేదు.

"పైన కాదురా, ముందు కాళ్లు చూడు"
అన్నారు సింహాద్రాచారి గారు.
పైకమ్మి దగ్గర ఎంత వెడల్పో
అంతే బద్ద కోసి అడుగున అడ్డంగా కొట్టించారు.
మూలనుంచి మూలకి తాడు పట్టి,
మళ్లీ ఆ మూలనుంచి ఈ మూలకి పట్టి,
రెండు కొలతలూ ఒకటయ్యేదాకా
చెక్కసుత్తితో చిన్నగా, కోడిగుడ్డు మీద కొట్టినట్టు.

తర్వాత ఊతాలు.
ముందు రెండు, వెనక రెండు, సరుగుడు వాసాలు ఏటవాలుగా.
మా ఇసక నేలలో మేకు పట్టు నిలవదు,
అందుకని ఒక్కో వాసం మడమకీ ఒక ఇసక బస్తా.
"మేకు తల బయట ఉంచు. పీకాల్సిన మేకది."
తూకం గుండు దారం చివర కాసేపు తిరిగి, తిరిగి,
నిద్రపోయినట్టు ఆగింది.

మధ్యాహ్నం ఆయన భోజనానికెళ్లారు.
ఇటుకలు మోసే ధనకొండకి నాలుగు నెలల పిల్ల.
నీడ కోసం చుట్టూ చూసింది.
ఆ స్థలంలో ఎక్కడా నీడ లేదు,
గుమ్మం నీడ తప్ప. అది బెత్తెడు.
రెండు వెదుళ్లు దొరికాయి. మూడో కర్ర కావాలి.
ఉత్తరం వైపు ఊతం లాగి
మూడింటినీ తలల దగ్గర కలిపి కట్టి
పాతచీరతో ఉయ్యాల వేసి, పైన తువ్వాలు కప్పింది.
నేను చూశాను.
నోరు తెరిచే లోపే పిల్ల నిద్రపోయింది.

మూడింటికి సముద్రం మీంచి పైరగాలి లేచింది.
ఏసుపాదం మేస్త్రి చెయ్యి మహా వేగం,
గుమ్మానికి అటూ ఇటూ మూడు వరసలు లేపేశాడు,
బిగింపు బద్దలు సిమెంటులో కూర్చుండిపోయాయి.

సాయంత్రం ఆయన మళ్లీ గుండు వదిలారు.
దారానికీ చెక్కకీ మధ్య, కింద,
రెండు నూళ్ల సందు.
ఆయన గుండు చూశారు. బస్తా చూశారు. ఉయ్యాల చూశారు.
"ఎవర్రా?"
అందరం ఇసక వంక చూస్తున్నాం.
"నేనే బాబూ" అంది ధనకొండ. "ఎండ."

ఇంకో మాట అనలేదు.
వరసలు విప్పమంటే ఏసుపాదం ఒప్పుకోడు,
ఒప్పుకున్నా కూలి ఎవరిస్తారు?
ఆయన దారం గుండుకి చుట్టి సంచిలో వేసుకుని
"కింది బందు వెనక అట్టముక్క పెడదాంలే" అన్నారు.
నేనెరిగి ఆయన వంకరని వదిలేసింది ఆ ఒక్కసారే.
మర్నాడు సైకిలుకి కట్టుకుని
ఇంటినుంచి ఇంకో వాసం తెచ్చారు.
ఉయ్యాల వాసం ఉయ్యాలకే ఉండిపోయింది.

స్లాబు పడ్డాక ఊతాలు తీశాం.
వంగిన మేకులు రాయి మీద సాపు చేసి
జర్దా డబ్బాలో పోశాను.
వాసాలు పుల్లేటికుర్రులో వేరే గుమ్మానికి వెళ్లాయి.
మేకు బెజ్జాల్లో లప్పం, లప్పం మీద రంగు;
వేలితో తడిమితే నాకు దొరుకుతాయి.

ఇప్పుడు ఇనప గుమ్మాలు, సిమెంటు గుమ్మాలు,
మరలు తిప్పితే బిగిసే ఊతాలు, అద్దెకి.

ఇంటావిడ ఇప్పటికి రెండుసార్లు కబురంపింది.
తలుపు ఓరగా వేసి వదిలితే
ఎవరో పిలిచినట్టు తనంతట తానే తెరుచుకుంటోందట.
బందులు మార్చాను. అంచు చిత్రిక పట్టాను.
అట్టముక్క తీసి రేకు పెట్టాను.
గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి అడిగింది:
"వాస్తు దోషమేమన్నానా?"

"అబ్బే, లేదండి" అన్నాను,
మరమేకులు ఏరుకుంటూ.
"పైరగాలండి."