వాలుగ దవడ

పొందూరు హైస్కూల్లో కంటి శిబిరం.
ఏడో తరగతి గదిలో, ఆరు మీటర్ల అవతల
నేను తగిలించిన పటం.
మూడు కాళ్ళ అక్షరం ఒక్కటే, నాలుగు దిక్కులకూ తిరిగి.
"కాళ్ళు ఎటున్నాయో చేత్తో చూపించమ్మా."

గున్నమ్మ చూపించలేదు. నవ్వింది.
"కాళ్ళేటి బావూ, అది వాలుగ దవడ.
పళ్ళు కిందకున్నాయి.
ఆ పక్కది తిరగేసి ఎట్టీసారు,
అలగైతే పత్తి దువ్వనేం."

కుడికన్ను తెల్లగా, ఏకు చుట్టినట్టు.
కార్డులో రాశాను: పై వరుస మాత్రమే.
ఆమె ఒడిలో వంద నంబరు నూలు.
పోగు నా కంటికి ఆనలేదు.
కిటికీ ఎండలోకి పడితే ఒక్కసారి మెరిసి, మళ్ళీ పోయింది.
దాన్ని ఏ గడిలో రాయాలి?

ఆపరేషనైన పదో రోజు ఇంటికెళ్ళాను.
నల్లద్దాలు నుదుటి మీదకి తోసి
రాట్నం ముందు కూచుంది.
"తెగిపోతంది బావూ. ఇన్నాళ్ళూ తెగనేదు.
సూపొచ్చి యేలుకి అడ్డం పడతంది."

ఇంకేం కనిపిస్తున్నాయని అడిగాను,
ఫారం నింపాలి కదా.
గోడకి చెదలు. చూరులో పిచ్చుక ఈక.
కోడలి పాపిట్లో తెల్ల వెంట్రుక.
"దీనికీ ముసలితనం వచ్చీసింది, ఎవులూ సెప్పనేదు."
ఆ వెంట్రుక వైపే చూస్తూ ఉండిపోయింది,
పోగు నాణ్యం చూసినట్టు.

తర్వాత కళ్ళు మూసుకుంది.
రాట్నం తిరిగింది.
తెగలేదు.

బస్సు కోసం నిలబడి
నా చొక్కా అంచు వేళ్ళ మధ్య పట్టుకుని
నేనూ మూశాను.
ఏమీ తెలియలేదు.
గుడ్డ, అంతే.