దసరా మామూలు

పండక్కి నాలుగు రోజుల ముందు
గ్యాస్ బుక్కు వెనకట్ట మీద పోయినేడాది లెక్క తీశాను.
బండ తెచ్చే కుర్రాడికి యాభై.
వీధి ఊడ్చే దానమ్మకు వంద, ఒక నేత చీర.
కేబులతనికి ఇరవై, అదీ
వార్తల మధ్యలో టీవీ ఆగిపోయాక.

గేటు పట్టుకుని అందరిదీ ఒకటే మాట:
"అమ్మా, మామూలు."
రోజూ వచ్చే మనిషి మామూలైపోతాడు,
ఏడాదికోసారి ఇచ్చే నోటుకేమో ఆ పేరు.

పోస్ట్‌మాన్ మాత్రం అడగడు.
బ్రాడీపేట నాలుగో లైన్లో సైకిల్ బెల్లు రెండుసార్లు,
అంతే.
మా ఇంటిపేరులో బంధువులు మింగేసే ఒత్తు
ఆయన నోట్లో చక్కగా పలుకుతుంది.
మా ఆయన పోయిన నెలకి
ఆయన పేరు మీద బ్యాంకు ఉత్తరం వస్తే
పిలవకుండా, చేతికివ్వకుండా
కిటికీ గూట్లో పెట్టి వెళ్లిపోయాడు.

ఈసారి కవర్లో రెండొందలు పెట్టి ఇచ్చాను.
అలవాటు కొద్దీ తిప్పి చూశాడు.
ముందు ఖాళీ. వెనకా ఖాళీ.
"అడ్రసు లేందే బట్వాడా కాదమ్మా" అని నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.
పంతొమ్మిదేళ్లయ్యాక
మీ పేరేంటని ఏ మొహంతో అడగను?

జేబులోంచి పెన్ను తీసి
మా పిట్టగోడ మీద ఆనించి తనే రాసుకున్నాడు:
కట్టెపోగు జకరయ్య,
నల్లచెరువు మూడో లైను,
పిన్‌కోడ్‌తో సహా.

"సంతకం ఎక్కడ పెట్టమంటారు?"
అప్పటికే
పక్కింటి ముందు బెల్లు.