జుజునా టీచర్ బండి కింద

కుటాయిసీలో, రియోనీ నది వెనక,
పాత టైర్ల గోడ దాటాక నా షెడ్డు.
బోర్డు మీద పేరు వానలకి కారిపోయింది.
ముర్మాన్ ఎక్కడంటే కుక్కలు కూడా దారి చూపిస్తాయి.

మార్చి నెల. ఎండా వానా కలిసి పడుతున్న పొద్దున
ఆవిడ ఒపెల్ మిట్ట ఎక్కలేక మూలుగుతూ వచ్చింది,
వెనకే కుళ్ళిన కోడిగుడ్డు వాసన.
బండికి ఇరవై ఆరేళ్ళు. ఆవిడ వయసు నేనడగను.
తొమ్మిదో తరగతిలో నాకు రసాయనశాస్త్రం చెప్పింది,
ఐదుకి రెండు వేసింది,
ఆ రెండూ దస్తూరీకి.
"తనిఖీలో తప్పింది ముర్మాన్," అంది, "నీలాగే."

పైకెత్తి కిందకి దూరాను.
డబ్బాని పిడికిలితో తడితే
లోపల గలగల, ఎండిన ఆనపబుర్రలో గింజల్లా.
పింగాణీ తేనెపట్టు విరిగి
తన ముక్కలే తనకి అడ్డం పడ్డాయి.

తుప్పు బోల్టులు మూడు.
నూనె తాగించాను, మంట చూపించాను, బూతులు తిట్టాను,
టీచర్ బయటే ఉందని గుర్తొచ్చి సగం మింగాను.
రెండు ఊడాయి. మూడోది పెళుక్కున తెగింది.
దాన్ని తొలవడానికి గంట.

ఆ గంటలో గుర్తొచ్చింది చెప్పకూడదు. చెబుతాను.
ఈ తేనెపట్టులోని బూడిదరంగు పొడి
బంగారాన్ని మించి పలికిన చలికాలం ఒకటుంది.
ఊళ్ళో ఎన్ని బండ్ల కడుపులు కోశానో!
దొంగతనం కాదు, వాళ్ళే తెచ్చారు,
ఒకడు కూతురి పళ్ళ వైద్యానికి, ఒకడు గ్యాసు బిల్లుకి.
రంపం నాది, తక్కెడ నాది.
తీసినచోట ఉత్త గొట్టం అతికి పంపాను.
ఆ ఏడు నది మీద మంచు నీలంగా ఉందన్నారు.
నేను కొత్త లిఫ్టు కొన్నాను.
ఈ లిఫ్టే.

టీచర్ ఇంటికీ వెళ్ళాను అప్పుడు.
"ఆరొందల లరీలు ఇస్తా" అన్నాను.
తలుపు సగమే తీసి,
"ఉత్ప్రేరకం అంటే ఏమిటి?" అని అడిగింది.
నాకు రాదు.
తలుపు వేసేసింది.

ఇప్పుడు వచ్చు.
తాను ఖర్చవకుండా ఎదుటివాటిని మార్చేది.
పుస్తకంలో అలాగే ఉంటుంది.
నా అరచేతిలో ఉన్నది మాత్రం
మార్చీ మార్చీ నుసైపోయిన వస్తువు.
చూపించాను. కళ్ళజోడు నుదుటికి నెట్టి చూసింది.
"దానంతట అది చావలేదు టీచర్, చంపారు" అన్నాను.
మూడో సిలిండర్ ప్లగ్గు వైరు చిట్లి
మండని పెట్రోలు పచ్చిగా వచ్చి
దీని ఒంటి మీద మండింది.
హంతకుణ్ణి వదిలేసి కొత్తది బిగిస్తే
వచ్చే చలికాలానికి అదీ ఇంతే.
ఎర్రసిరా కలం పట్టుకున్నట్టు వేలెత్తింది,
దిద్దడానికి ఏమీ దొరక్క దించేసింది.

వైరు మార్చాను. కొత్త డబ్బా, కొత్త గాస్కెట్.
సెన్సరు పాతదే, ఇంకా బతికుంది.
స్టార్ట్ చెయ్యమంటే తాళం నా చేతికిచ్చి
తను వెళ్ళి గొట్టం వెనక గొంతుక్కూర్చుంది,
తెల్ల చేతిరుమాలు అడ్డంపెట్టి,
ల్యాబులో మేం పేల్చబోయేవన్నీ
దగ్గరుండి చూసినట్టు.
నిమిషం. రెండు.
గొట్టం అంచున ఒక నీటిచుక్క. ఇంకోటి.
రుమాలు తడిసింది, నల్లబడలేదు.

ఎండలో వాన ఇంకా పడుతూనే ఉంది.
మా దగ్గర అలాంటి వానని జుజునా అంటారు.
ఆ పేరు మీద బడి గోడలకి మేం రాసిన వెటకారాలు
అన్నీ చదివిందట. ఇవాళ చెప్పింది,
అక్షరదోషాలతో సహా.

నుసికి ఇప్పటికీ ఎంతో కొంత ధర ఉంది.
తూచి బిల్లులో తగ్గించాను.
మిగతాది రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది.
కిటికీ దించి అడిగింది:
"ఆ చలికాలం ఎన్ని కోశావ్?"
"యాభై మూడు."
"నాది అందులోంచి తీసెయ్యకు," అని గేరు వేసింది.
"అది ఎప్పుడూ అందులో లేదు."

మిట్ట దిగేదాకా వాసన పీలుస్తూ నిలబడ్డాను.
వాసనేమీ లేదు.
తెగిన బోల్టు ముక్క చొక్కా జేబులో
ఇంకా వేడిగానే ఉంది.