ఎనిమిది గంటల కూత

పట్టాలు ఇక్కడితో ఆఖరు.
తర్వాత వశిష్ట, అవతల సఖినేటిపల్లి రేవు.
ముందుకు దారిలేక ఆగిపోయినవాటికి
మా నరసాపురం పెట్టింది పేరు.

గూడ్సు షెడ్డు వెనక, సర్కారు తుమ్మల్లో
ఆ ఇంజను ముప్ఫై నాలుగేళ్లు నిలబడింది.
పొగగొట్టంలో గోరింకలు,
ఫైర్‌బాక్సులో ఎవరివో పేకముక్కలు, ఒక ఒంటి చెప్పు.
సముద్రపు గాలి ఉప్పు రాసి రాసి
ఇనుముని పూతరేకుల్లా లేపేసింది.

మేం తొమ్మిదిమందిమి. ఆదివారాలు.
నేను రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు బాగుచేసేవాణ్ని,
ఆవిరి గురించి నాకు తెలిసిందల్లా ఇడ్లీ పాత్ర.
పంపన తాతాజీ రైసుమిల్లు బాయిలరు మనిషి,
లైసెన్సు కాగితం లామినేషన్ చేయించి జేబులో పెట్టుకుంటాడు.
పడవల వడ్రంగి పెసింగి ఏసుబాబు
ఇనుమునైనా వేలితో కొట్టి, చెవి ఆనించి వింటాడు
లోపల పుచ్చిందేమోనని.
ఒకప్పటి ఫైర్‌మాను మీరావలి గారు
ప్లాస్టిక్ కుర్చీలోంచే కేకేస్తారు:
"ఆ నట్టు దొంగది నాయనా, అటు తిరగదు."

పిస్టను కడ్డీ చుట్టూ బిగించే తాడు
మూడుసార్లు అల్లాం, మూడుసార్లూ ఊడింది.
మనవడికి క్యారేజీ తెచ్చిన కొల్లాబత్తుల సువార్తమ్మ
కాసేపు చూసి
"ఇదేం అల్లికరా, దుప్పటి అంచుకైనా నిలవదు" అంది.
ఎక్కడెక్కడి దొరల బల్లలకో
డజనుకింతని లేసు అల్లిన వేళ్లు.
గ్రాఫైటు తాడు వాటికి లొంగింది. వేళ్లు నల్లబడ్డాయి.
వారం దాకా తెల్లదారం ముట్టుకోలేనని
ఏజెంటుకి నవ్వుతూనే కబురు పెట్టింది.
ఆ వారం కూలి ఎవరిచ్చారో మేం అడగలేదు.
అడగాల్సింది.

అన్నీ దొరికాయి, కూత తప్ప.
అది ఉండాల్సిన చోట ఒక కన్నం,
కన్నంలో దిగ్గొట్టిన కొయ్య మేకు.
పాలకొల్లు, భీమవరం, తణుకు
పాత ఇనప సామాను కొట్లన్నీ తిరిగాం.
ఒక సాయంత్రం మీరావలి గారు టీ చల్లారనిచ్చి అన్నారు:
"చెవుల జబ్బనుకుని ఎవరికీ చెప్పలేదు బాబూ.
సత్యవతీ మిల్లు సైరను ఉండేదే, పొద్దున ఎనిమిదింటికి...
అది మన ఇంజనే."

మూసేసిన మిల్లు. తాళం తీయించాం.
రేకుల మీద, పావురాల రెట్టల కింద
జానెడు ఇత్తడి.

ఇన్నేళ్లూ ఊరంతా ఆ కూతకే
పొయ్యి కట్టేసింది, పిల్లల్ని బడికి తరిమింది,
గడియారం సరిచేసుకుంది.
ఎన్నడూ రైలెక్కని వాళ్లని కూడా ఆ ఇంజను
రోజూ పనిలోకి లాక్కెళ్లింది.
తెలిసింది ఒక్కడికి.
ఆయన తన చెవినే అనుమానించుకున్నాడు.

నిప్పు పెట్టే రోజుకి కాలువలు కట్టేశారు.
చుట్టూ నీళ్లే. చెరువు ఉప్పు, బోరు ఉప్పు.
"అవి పోశారో, బాయిలరు నురగలు కక్కుద్ది" అన్నాడు తాతాజీ.
చివరికి రెండొందల టిన్నులు,
మేం కొనుక్కు తాగే నీళ్లే,
దాని గొంతులో పోశాం.

"కదపరాదు" అని ఇన్‌స్పెక్టరు రాసిచ్చాడు.
మూడు కేజీల ఆవిరి, అంతే.
చక్రాల కింద ఏసుబాబు చెక్కిన టేకు దిమ్మలు.
ఊక ఇటుకలు అంటుకుని
మధ్యాహ్నం మూడింటికి సూది వణికింది, లేచింది.
గొలుసు మీద మీరావలి గారి చెయ్యి పెట్టాం.
చాలాసేపు లాగలేదాయన.

తర్వాత లాగారు.
నిజం చెప్పాలంటే బొంగురుగా ఉంది,
ముందు ఇంత వేడినీళ్లు ఉమ్మి, అప్పుడు పలికింది.
గోరింకలు లేచిపోయాయి.

ఇంజను అంగుళం కదల్లేదు.
గేటు దగ్గరికి మాత్రం ఒక ముసలామె
గబగబా నడిచొచ్చింది,
తడి చేతులు, సగం వేసిన ముడి.
ఎండలో నిలబడి మా వెనకున్న పొగని చూసి
"మిల్లు తీశారాండీ?" అంది.

తొమ్మిదిమందిమి ఉన్నాం అక్కడ.
సేఫ్టీ వాల్వు ఒక్కటే
ఉస్సురంటూ ఉంది.