శైలి అడిగింది

ఆదివారం పొద్దున, మాంటెవిడియోలో,
మాతే టీ చల్లారేలోపు
ఎలాదియో లైబ్రరీని రీస్కాన్ చేస్తాడు.
కొత్తవి పద్నాలుగు. నకళ్లు మూడు.
దారి తప్పినవి రెండు:
ఫోల్డరు పేరు మార్చి మరిచింది తనే,
తిట్లు మాత్రం ప్లేయరుకి.

ఈసారి అది అతితెలివికి పోయింది.
ఒఫెలియా అత్త వంటింటి పాటని
ఎవరో పేరున్న గాయని ఖాతాలో వేసి
బొమ్మ కూడా అతికించింది,
ఎర్ర పెదాలు, ముత్యాలు.

అత్తకి ముత్యాలెక్కడివి?
చేతులనిండా ఉల్లిపొట్టు.
రెండో నిమిషంలో కెటిల్ ఈల వేస్తే
"ఉండవే" అని దాన్ని కసిరి
మళ్లీ అదే శ్రుతిలో అందుకుంటుంది.

ఒక్కో గడీ చెరిపి రాస్తాడు.
గాయని: ఒఫెలియా. సహకారం: కెటిల్.
సంవత్సరం తెలీదు; వెనకాల
రేకుల మీద వాన,
ఆ ఏడు వానలెక్కువని అమ్మ అనేది.

శైలి అడిగింది.
కాసేపు ఆలోచించి,
సేవ్ నొక్కకుండానే
మళ్లీ మొదట్నించీ విన్నాడు.