ఎడమ వెనక తలుపు

నరసాపురం ఐటీఐలో ఫిట్టర్ షెడ్డు.
ఫ్యాను గాలికి దరఖాస్తులు లేచిపోకుండా
కట్టకో పాత బేరింగు బరువు పెట్టారు ప్రిన్సిపాలు గారు.
కిటికీ ఊచలకి కట్టిన కంపెనీ బ్యానరు మీద
తెల్ల కారు బొమ్మ.
పొద్దుటి నించీ దాని అద్దం మీద
ఒక తూనీగ వాలుతోంది, లేస్తోంది.

మాటలూ మార్కులూ హెచ్చార్ ఆయన చూసుకుంటాడు.
లైను మనిషిని కదా, చేతులు చూడమని నన్ను తెచ్చారు.
పదకొండేళ్ల కిందట ఇదే షెడ్డులో,
అదిగో ఆ తుప్పు వైసు పక్కన,
అన్న చొక్కా తొడుక్కుని నిలబడ్డాను.
నన్నడిగింది ఒకటే:
"ఎనిమిది గంటలు నిలబడగలవా?"
ఆకుమళ్లో నడుం వంచినవాణ్ణి,
నిలబడ్డం కూడా ఒక పనా అనుకున్నాను.

నలభై ఏడో నంబరు.
కొప్పాడి నాగవేణి, డీజిల్ మెకానిక్.
అంతర్వేది పల్లిపాలెం నించి రేవు దాటి వచ్చింది.
గోళ్ల కింద నలుపు. దాచుకోలేదు.
"టార్కంటే ఏంటమ్మా?"
ఆయన కాగితంలో చూసి అడిగాడు.
ఆమె కుడి చెయ్యి దానంతటదే లేచి
గాల్లో ఒక స్పానరు పట్టుకుంది.
"చాలని నట్టే చెప్తదండి.
ఆపైన తిప్పితే మొండికేస్తది.
ఇంకా తిప్పితే మర పోద్దండి."
ఆయన కాగితంలో ఉన్న జవాబు వేరు.
నాకేసి చూశాడు.

ఏం చెప్పను?
మా దగ్గర నట్టు మాట ఎవరూ వినరు.
తుపాకీ లాంటి మిషను పైనించి వేలాడుతుంది,
నొక్కితే అదే తిప్పి, అదే ఆగి,
పచ్చ దీపం వెలిగిస్తుంది.
యాభై ఎనిమిది సెకన్లకో కారు.
నా వంతు ఎడమ వెనక తలుపు.
రెండు కీళ్లు, నాలుగు బోల్టులు,
మూసి, చప్పుడు విని, వదిలెయ్యడం.
మొదటి ఏడు నిద్దట్లో కూడా మూసేవాణ్ణి;
పక్క మంచం మీది పలాస కుర్రాడు
దుప్పటి లాక్కుని తిట్టేవాడు.

"నువ్వేమైనా అడుగుతావా?"
ఫారంలో అదే ఆఖరి గడి.
పొద్దుటి నించీ అందరూ జీతమే అడిగారు,
హాస్టల్లో చేపలుంటాయా అని ఒకడు.
నాగవేణి నావైపు తిరిగింది.
"మీరు చేసిన కారు యాడికెళ్లిందో
మీకు తెలుస్తదాండి?
మా నాన్న విప్పి బిగించిన ఇంజన్లు
మొగ దాటి వస్తంటే
దగ్గుని బట్టి చెప్పేస్తామండి, ఎవరి బోటో."
"తెలీదు" అన్నాను.
ఆ జవాబు రాయడానికి ఫారంలో గడి లేదు.

చేతులకి పదికి పది వేశాను.
ఉద్యోగమే ఇచ్చానో,
ఒక చెవిని పాడుచెయ్యడానికి పంపుతున్నానో.

సాయంత్రం మలికిపురంలో అక్కని చూద్దామని పంటెక్కాను.
ఐసు వ్యాను, బుట్టలు కట్టిన మోపెడ్లు,
నడిమధ్యన ఒక కారు. మాదే.
ఎవరో గాలి కోసం దిగి తలుపేశారు.
దప్.
వెన్నులో తెలిసింది. ఎడమ వెనక.
నా షిఫ్టో, రెండో షిఫ్టు ఇస్మాయిల్‌దో,
దగ్గరికెళ్లి కీలు మీద అరచెయ్యి ఆనించాను.
"ఏయ్, గీతలు పడతాయి" అన్నాడాయన.
తీసేశాను.

ఇంజను గది గుమ్మంలో నాగవేణి.
సర్టిఫికెట్లున్న పాలిథిన్ కవరు చంకలో,
తల ఒక పక్కకి వాల్చి.
"రెండోదాని నాజిలు చూసుకో బాబాయ్, కారతంది"
అంటోంది సరంగుతో.
అతను ఔనన్నట్టు బీడీ ఊపాడు.

గోదారి నడుమకి వచ్చేసరికి
నేనూ చెవి పెట్టాను.
ఎంత విన్నా
తలుపు మూసిన చప్పుడే.