కేరాఫ్ కొత్తవాడ

చీటీ రాసేటాయన తలెత్తలె.
"పేరు?"
"పొడియం ఉంగి."
చంకల పిల్లగాడు నిప్పు తీరు కాలుతున్నడు.
"ఊరు?"
ఆమె కిటికీ దిక్కు చూసింది.
అటు ఊరు లేదు, ఎంజీఎం సైకిల్ స్టాండున్నది.

మోకాళ్ల నొప్పికి వచ్చిన్నేను, ఆమె వెనుక నిలబడ్డ.
నా వెనుక ఇంకో ఇరవై మంది.
"ఊరు చెప్పనీకి గింత సేపా" అని ఎవడో గొణిగిండు.

ఆయా ఈసం లచ్చక్క, తాడ్వాయి దిక్కు మనిషి,
బకెట్ కింద పెట్టి వాళ్ల మాటల అడిగింది,
మన మాటల చెప్పింది:
"ఏ ఊరు రాయిస్తవని అడుగుతాంది సారూ.
అవుతల కాలిపోయిందా,
ఇవుతల అడవిల గుడిసెలు పీకేసిందా,
ఇయ్యాల మిరపకాయ ఏరుతున్న చేనా?"

పెన్ను ఆగింది.
ఆ కాయితం మీద ఒక్క ఊరికే జాగున్నది.

నా నోట్లకెళ్లి ఎట్లొచ్చిందో నాకే తెల్వదు:
"రాయి. కేరాఫ్ కుసుమ నర్సవ్వ,
దర్రీల షెడ్డు పక్క సందు, కొత్తవాడ."
"నీకేమైతది?"
"నిన్నటి దాక ఏం కాలె."

ఆ రాత్రి షెడ్డుల రెండు మగ్గాలు గోడకు జరిపినం.
అమ్ముడుపోని దర్రీ ఒకటి పరిచినం,
నెమలి కన్ను తప్పు పడ్డదని షావుకారి వాపసిచ్చింది.
ఉంగి దాని మీద కూసోలె,
మడతపెట్టి పిల్లగాని తల కింద పెట్టింది.
"ఏర్, ఏర్" అన్నది.
దాటొచ్చిన ఏరు గురించేమో అనుకుని
పాపం పాపం అంటు తల ఊపిన.
మంచినీళ్లట.

పప్పు వండితె ముట్టలె.
మటన్ వండితె చూసి ఏడ్చింది.
మూడో దినం సందు చివరి షాహీన్ బేగం
పల్చగ జావ కాసి తెస్తె, గిన్నె నాకింది.

పోలీసులొస్తరని సంగం ఆఫీసుల లొల్లి.
బిట్ల ఓదెలు బల్ల గుద్ది మరీ అన్నడు:
"మన పూటకే గతి లేదు, ఊళ్లె వాళ్లందరిని మోస్తమా?"
ఇప్పటికీ అదే మాట మీదున్నడు.
పిల్లగానికి రక్తం కావల్నంటె మాత్రం
తిట్టుకుంటనే పోయి పండుకున్నడు మంచం మీద.
వాడ మొత్తంల ఆ గ్రూపు ఆయనదొక్కనిదే.

పడుగు, పేక అని పోలికలు చెప్పను.
మైకు పట్టుకున్నోళ్లు ముప్పై ఏండ్ల సంది
మాకు అవే చెప్పిండ్రు, కూలి పెంచలె.
జరిగింది చెప్తున్న.
యాకూబ్ ఆటో రాత్రి పూట వాళ్లకు మీటరు తిప్పది.
పొద్దుగాల డీజిల్‌కు మేం తలా పది వేస్తం,
ఒక్కోనాడు ఎయ్యం, మర్చిపోతం.

ఉంగి పిల్లగాడు బతికిండు.
తర్వాత వచ్చిన సోడి కోసయ్య బతకలె.
పాము కరిచినంక రెండు వాగులు దాటి వచ్చిండు.
పోతన నగర్ శ్మశానంల రసీదు రాసేటాయన కూడ
తలెత్తలె. అదే మాట అడిగిండు.
అక్కడ గూడ నా ఇంటి పేరే రాయించిన.
ఆ కాయితం పెట్టెల పెట్టిన,
నా పెండ్లి చీర కింద.

ఇప్పుడు ముప్పై ఒక్క చీటీల మీద నా గుమ్మం ఉన్నది.
పోస్టాయన నవ్వుతడు,
"నర్సవ్వా, మీ ఇంట్ల ఎంతమందే?"
లెక్క చెప్పిన. నమ్మలె.

ఒక్క సంగతి ఎవ్వరికీ చెప్పలె.
నాది కిరాయిల్లు.
మిల్లు మూతపడ్డప్పటి సంది ఐదో ఇల్లు,
మొన్న ఓనరు బిడ్డ వచ్చి
ఉగాదికల్లా ఖాళీ చెయ్యాలన్నది.

నిన్న ఉంగి మిరపచేను నుంచి వచ్చింది.
ఏళ్లు మంటలు, కండ్లు మంటలు,
కొంగుల నాకోసం దాచిన పిడికెడు ఎండుకాయలు.
తన కాన్పు చీటీ చూపెట్టింది, మల్ల కేరాఫ్ నేనే.
చేతులు తిప్పుకుంట చెప్పిన:
ఇల్లు. నాది కాదు. పోవాలె. ఎటో తెల్వదు.

ఆమె నన్ను శానా సేపు చూసింది.
తర్వాత నవ్వింది,
నా పక్కన గడప మీద కూసొని
ఏదో పొడుగు మాటన్నది.

లచ్చక్క డ్యూటీల ఉన్నది,
చెప్పేటోళ్లు లేరు.
సరే అన్నట్టు తల ఊపిన.